సముద్రం అడుగున వాగు దెబ్బ

"ఫోనుకు ఉత్తరమొస్తే గంట కొట్టిద్ది. దానికి ఇంతమంది సదువుకున్నోళ్లు కావాలా?" అన్నాడు మా నాన్న ఏసురత్నం, నా ఉద్యోగమేంటో మొదటిసారి విడమరిచి చెప్పినప్పుడు.

"ఆ ఫోను సముద్రం అడుగున ఉంటుంది నాన్నా."

"ఆడెందుకు పెట్టారు?"

"ఎవరూ పెట్టలేదు. నీ కొడుకు జేబులో ఉంటుంది. నీ కొడుకు అక్కడుంటాడు."

దాంతో నాన్న నోరు మూతపడింది. కొడుకు మాటొస్తే ఆయన అంతే. కూతురు మాటొస్తే మాత్రం నోరు తెరుచుకుంటుంది, అది వేరే సంగతి.

మా తమ్ముడు ప్రభుదాసు జలాంతర వాహనం నడుపుతాడు. దాని పేరు తాబేలు. పేరుకు తగ్గట్టే ఉంటుంది, గుండ్రంగా, బండగా, ముగ్గురు కూచుంటే నాలుగోవాడి చెప్పులకు కూడా చోటుండదు. 'గౌతమి' అనే ఓడ దాన్ని బంగాళాఖాతంలో దింపుతుంది. వారంపాటు అడుగున తిరిగి, రాళ్లో పురుగులో ఏరుకుని, చెప్పిన చోట చెప్పిన వేళకు పైకి తేలుతుంది. ఓడ దాన్ని ఎత్తి పైన పెట్టుకుంటుంది. ఆ వారమంతా లోపలివాళ్లకు లోకం లేదు. ఉప్పునీళ్లలో రేడియో పారదు. తీగ కడితే రాళ్లకు చుట్టుకుంటుంది. శబ్దం పంపితే లోయల గోడలకు కొట్టుకుని కలగాపులగమై చేరుతుంది. దాసుకు ముందు తాబేలు నడిపినాయన ఒకసారి వింత రాయేదో చేతిలో పట్టుకుని నవ్వుతూ పైకొచ్చి, ఓడ మెట్ల మీద తెలుసుకున్నాడట, తల్లి పోయిందనీ, మట్టి చెయ్యడం కూడా అయిపోయిందనీ. ఆ రాయి ఇప్పటికీ మా ల్యాబు బల్ల మీదుంది. మా ల్యాబు పుట్టింది ఆ రాయి వల్లే.

భీమిలి కొండ మీద మా ల్యాబు. మా పెద్దాయన డాక్టర్ పరాంకుశం గారు ఉప్పుగల్లంత స్ఫటికం ఒకటి కనిపెట్టారు. న్యూట్రినోలని ఉంటాయి చూడండి, కొండల్నీ సముద్రాల్నీ లెక్కచెయ్యకుండా దూసుకుపోయే అతి చిన్న కణాలు. మీరిది చదువుతుండగానే కోట్లకొద్దీ మీ ఒంట్లోంచి పోతున్నాయి, మీకు చీమ కుట్టినట్టయినా లేదు. మా స్ఫటికానికి మాత్రం చక్కిలిగింత పుడుతుంది. దాన్ని ఫోనుకు అంటించాం. కొండ మీద నుంచి మేం వాటి కిరణం వదిలితే అడుగున ఫోను ఒక్కసారి 'టక్' మని వణుకుతుంది. దాసుకు మెయిలొస్తే మా కంప్యూటరు చూసి కిరణం వదులుతుంది. అంతే. మెయిలు మొత్తం పంపాలంటే నెల పడుతుంది. తలుపు తట్టగలం, లోపలికెళ్లి కబురు చెప్పలేం.

"ఒట్టి టక్కుతో ఏం చేసుకుంటారమ్మా?" అని ఢిల్లీ నుంచొచ్చిన కమిటీవాళ్లు అడిగారు.

"సార్, మా కాలేజీ రోజులన్నీ మిస్డ్ కాల్ మీదే గడిచాయి. ఒక రింగిస్తే హాస్టలుకు చేరానని, రెండిస్తే నువ్వే చెయ్యమని. ఎత్తారో, చచ్చామే! మా అంత బాగా టక్కుతో బతికినవాళ్లు లోకంలో లేరు," అన్నాను. నవ్వారు. నవ్వినవాళ్లు సంతకం పెడతారు.

మొదటి పరీక్ష రోజు నాకు అన్నం దిగలేదు. కిందినుంచి పైకి జవాబు పంపే దారి లేదు కదా, వదిలిన కిరణం చేరిందో లేదో దాసు పైకొస్తే గాని తెలీదు. వారం గడిచింది. ఓడ నుంచి ఫోనొచ్చింది. "అక్కా! తట్టిందే! రెండో రోజు మధ్యాహ్నం తట్టింది!" అని వాడు అరిచాడు. ల్యాబులో చప్పట్లు, ఈలలు. పరాంకుశం గారు పంచె ఎగ్గట్టి స్టూలెక్కి అందరికీ తన చేత్తో మైసూరుపాకు పంచారు. మూడు కిలోమీటర్ల నీళ్ల కింద ఒక ఫోను 'నీకు మెయిలొచ్చింది' అని చెప్పడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ చెప్పించింది మేం. ఆ సాయంత్రం నేను నేల మీద నడవలేదు.

మర్నాడు దాసు వచ్చాడు. చూసి హడలిపోయాను. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ల కింద నలుపు.

"ఏంట్రా, అన్నం పెట్టలేదా ఓడలో?"

"తట్టిందన్నాగా," అన్నాడు వాడు. "ఎవరు రాశారో తెలీదు. ఏం రాశారో తెలీదు. కెజియాకు ఒంట్లో బాలేదా? నాన్నకు గుండె పట్టేసిందా? ఐదు రోజులు అదే ఆలోచన. ముద్ద దిగితే ఒట్టు. పైకొచ్చీ రాగానే తెరిచాను."

"ఎవరు రాశారు?"

"చీరల కొట్టు. రెండు కొంటే ఒకటి ఫ్రీ."

ల్యాబంతా పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. వాడు నవ్వలేదు.

"అక్కా, ఏం తెలీకపోతే హాయిగా ఉండేవాణ్ణి. అన్నీ తెలిసినా ఉండేవాణ్ణి. ఇట్లా తెలిసీ తెలీకపోతే మనిషి చస్తాడే," అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా దిగింది. వాడి పెళ్లాం కెజియా ఆ వారమంతా ఇంట్లో హాయిగా టీవీ చూసింది పాపం, తన మొగుడు తన కోసం పస్తులున్నాడని దానికేం తెలుసు.

సరే, మనం ఊరుకుంటామా? కొట్లవాళ్ల మెయిళ్లను గుమ్మం దగ్గరే ఆపేశాం. ఇంటివాళ్లవీ పనివాళ్లవీ మాత్రమే వదిలాం. దానికో లెక్క పెట్టాం. మూడు టక్కులైతే అంతా బాగు, పైకొచ్చాక తీరిగ్గా చదువుకో. రెండు టక్కులైతే అర్జెంటు, పని ఆపి పైకొచ్చి చదువు. మిస్డ్ కాల్ లెక్కే, కొత్తదేం కాదు.

మా కొంప ముంచింది ఆ లెక్కే. స్ఫటికానికి చక్కిలిగింత ప్రతిసారీ పుట్టదు. ఒక్కో టక్కు దానికి తెలీకుండానే జారిపోతుంది. మేం మూడు పంపాం. దాసుకు రెండు చేరాయి. తాబేలు బరువులు వదిలేసి ఆదరాబాదరాగా పైకి తేలింది. చెప్పిన వేళ కాదు కాబట్టి పైన ఓడ లేదు, అలలు మాత్రం తాటిచెట్టంత ఉన్నాయి. తాబేలు పల్టీ కొట్టింది. లోపలున్న జీవశాస్త్రవేత్త నూర్జహాన్ మణికట్టు విరిగింది. ఓడ వెతుక్కుంటూ వచ్చి వాళ్లను ఎత్తేసరికి అందరికీ తల ప్రాణం తోకకొచ్చింది.

అంత అర్జెంటు మెయిలు ఏమిటంటే, కెజియా పంపిన ఆవకాయ జాడీ ఫొటో. 'ఈసారి కారం తగ్గించాను, చూడు' అని.

"వదినా, నేను చేసిన తప్పేంటి?" అని కెజియా నా దగ్గర భోరుమంది. నీ తప్పేం లేదే తల్లీ అని దాన్ని ఊరుకోబెట్టాను గాని, నన్ను ఊరుకోబెట్టేవాళ్లెవరు? నూర్జహాన్ చేతికి కట్టు చూసిన ప్రతిసారీ మొహం తిప్పుకునేదాన్ని. ఆ పిల్ల మాత్రం, "ఎడమ చెయ్యేగా అక్కా, కుడిచెయ్యి పని చేస్తోందిగా," అని నవ్వేది.

కమిటీ ఒక్క మాట చెప్పింది. ఇంకొక్క ప్రయాణం చూస్తారు. అదీ పాడైతే ల్యాబుకు తాళం.

దాసయితే ఇంకా తేల్చేశాడు. "నీ డబ్బా నువ్వే ఉంచుకో అక్కా. రూలు కాబట్టి ఫోను లోపలికి తీసుకెళ్తా. జేబులో మాత్రం పెట్టను. టిఫిను క్యారియరు మీద పడేస్తా. తట్టితే తట్టనీ."

వాణ్ణి మంచి చేసుకుందామని ఒక ఆదివారం చర్చి అయ్యాక భీమిలి బీచికి తీసుకెళ్లాను. మొక్కజొన్న పొత్తు కొనిచ్చాను. తిన్నాడు గాని మూతి ముడుచుకునే ఉన్నాడు. పెద్ద గాలి, అలల హోరు, పక్కనున్న మనిషి మాట కూడా వినబడనంత. దూరంగా రోడ్డు మీద ఎక్కడో డప్పులు మోగుతున్నాయి. గాలి తెచ్చినన్ని దెబ్బలు తెస్తోంది, మిగతావి మింగేస్తోంది.

"పెళ్లి," అన్నాడు దాసు, పొత్తు కొరుకుతూ.

"నీకెట్లా తెలుసు? సగం వినబడట్లేదుగా."

"వినబడేదేముంది? తెలుస్తోందిగా."

వాడి కాలు చూశాను. ఇసుకలో బొటనవేలు ఆడుతోంది. గాలి మింగేసిన దెబ్బల్ని వాడి బొటనవేలు వాడికే తెలీకుండా పూరించుకుంటోంది!

ఎగిరి గంతేశాను. పక్కన పిడతకింద పప్పు అమ్మే ఆవిడ ఉలిక్కిపడింది. లెక్కలో ఒకటి జారితే లెక్క మారిపోతుంది. వరసలో ఒకటి జారితే వరస మారదు! మనిషిని వెనకనుంచి చూసినా నడకను బట్టి పోల్చుకోమూ? అట్లాగే. మేం డప్పు వాయించే ఇంట్లో పుట్టి, ఇన్నాళ్లూ మిస్డ్ కాల్ లెక్కలు పట్టుకు వేలాడాం!

చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఖమ్మం పక్క మా ఊరికీ బడికీ నడుమ వాగుంది. వానాకాలం సాయంత్రం బడి వదిలేసరికి ఒక్కోసారి వాగు పొంగిపోయేది. ఆ ఒడ్డున నాన్న నిలబడేవాడు. ఎంత అరిచినా వాగు హోరులో వినబడదు. అందుకని డప్పు తెచ్చి వాయించేవాడు. కుడిచేత్తో లావుపాటి సిర్ర కర్ర, ఎడమచేత్తో సన్న పుల్ల. బరువైన దెబ్బలు నాలుగు, ఆగి, మళ్లీ నాలుగు. దానర్థం, 'దాటొద్దు, ఆ ఒడ్డునే ఉండండి, మీ అత్త ఇంట్లో పడుకోండి'. దానికి మేం వాగు దెబ్బ అని పేరు పెట్టుకున్నాం. వాగు దిగాక ఇంకోటి వాయించేవాడు, గబగబా, గునగునా. అది బువ్వ దెబ్బ. 'రండి, అన్నం వండాం' అని. హోరులో సగం దెబ్బలు పోయేవి. అయినా మేం ఒక్కసారి కూడా పొరబడలేదు.

నాకూ వాయించాలని ఉండేది. "ఆడపిల్లకెందుకే?" అని నాన్న డప్పు ముట్టుకోనివ్వలేదు. నేను ఊరుకునే రకమా? అన్నం పళ్లెం బోర్లించి నేర్చుకున్నాను. నాలుగు దెబ్బలు కొట్టాక చెయ్యి ఆగేది కాదు, ఊపులో వెనకే చిన్నది ఇంకోటి పడేది. వరస చెడగొడుతున్నానని నాన్న తిట్టేవాడు. "ఐదో దెబ్బ అంబాసిడరు," అని దాసుగాడు వెక్కిరించేవాడు. ఎందుకు అంబాసిడరో వాడికీ తెలీదు.

సోమవారం ల్యాబులో ఈ ఆలోచన బయటపెట్టాను. నాన్నకు ఫోను చేసి వాయించమన్నాను. డప్పు మంట దగ్గర కాచి, బిగిశాక, మూడు వరసలు వాయించాడు. పెళ్లి దెబ్బ మంచి కబురుకు. ఊరేగింపు నడక దెబ్బ మామూలు కబురుకు, తీరిగ్గా చదువుకోవచ్చు. దండోరా దెబ్బ అర్జెంటుకు, పైకొచ్చి చదవాలి. మూడూ కంప్యూటరుకు ఎక్కించాం.

మా పాలనాధికారి విశ్వంభర్ ముఖం అదోలా పెట్టాడు. "ఇది... శవం ముందు వాయించేది కదండీ? ఇంత పెద్ద సైన్సు ల్యాబులో..."

"పెళ్లికీ వాయిస్తారు, జాతరకీ వాయిస్తారు, దండోరాకీ వాయిస్తారు. మీరు శవం ముందే విన్నారంటే, మిగతా వాటికి మీరు మమ్మల్ని పిలవలేదన్నమాట," అన్నాను.

పరాంకుశం గారు గొంతు సవరించుకుని, "అమ్మా సలోమీ, పదిలో ఎన్ని దెబ్బలు పోయినా గుర్తుపట్టొచ్చో ముందు అది పరీక్షిద్దాం," అన్నారు. ఆయన నాకు నచ్చేది అందుకే. ఆయనకు దెబ్బల లెక్కే గాని మనుషుల లెక్క ఉండదు.

పరీక్షించాం. సగం దెబ్బలు తీసేసి వినిపించినా దాసు తడుముకోకుండా చెప్పాడు. నూర్జహాన్ కూడా మూడు రోజుల్లో నేర్చేసుకుంది. అయినా దాసు మెత్తబడలేదు. "బాగుందక్కా. కానీ ఫోను క్యారియరు మీదే ఉంటుంది," అన్నాడు, తాబేల్లోకి దిగుతూ. కట్టు విప్పిన చేత్తో నూర్జహాన్ నాకు టాటా చెప్పింది. మూడో మనిషి వాళ్ల మెకానిక్కు, ఏమీ మాట్లాడడు, క్యారియర్లో ఏముందో మాత్రం చూసుకున్నాడు.

దిగిన మర్నాడే కెజియా మెయిలొచ్చింది, వాళ్ల పాపకు మొదటి పన్నొచ్చిందని. కంప్యూటరు పెళ్లి దెబ్బ పంపింది. ఆ తర్వాత ఇంకేవో వచ్చాయి, నడక దెబ్బలు పోయాయి. అంతా సజావుగా నడుస్తోంది అనుకున్నాం. బంగాళాఖాతంలో ఒక తుఫాను ఉంది గాని అది ఒడిశా వైపు పోతోందన్నారు. పోనీ అనుకున్నాం.

తాబేలు పైకి తేలాల్సిన రోజు పొద్దున్నే ల్యాబుకు వచ్చేసరికి తుఫాను మొహం తిప్పుకుంది. సూటిగా గౌతమి మీదికి. ఓడ కెప్టెను నుంచి తాబేలు పేరుకు మెయిలొచ్చింది. 'తుఫాను వల్ల మేం దక్షిణానికి పోతున్నాం. మధ్యాహ్నం పైకి రావద్దు. అడుగునే ఆగండి. గాలి రెండు రోజులకు సరిపడా ఉంది.'

అడుగున ఉంటే తుఫాను వాళ్లను తాకదు. అంత లోతులో నీళ్లు కదలవు. పైకొస్తే ఎత్తడానికి ఓడ ఉండదు, ఆ అలల్లో తాబేలు కొబ్బరిచిప్ప అయిపోతుంది. మొన్న మణికట్టుతో పోయింది. ఈసారి ముగ్గురూ పోతారు.

నేను ఇది చదువుతుండగానే కంప్యూటరు తెర మీద ఎర్రదీపం వెలిగింది. 'అతి ముఖ్యమైన మెయిలు. దండోరా దెబ్బ సిద్ధం.'

దండోరా అంటే ఏమని నేర్పాం వాళ్లకి? పైకొచ్చి చదవమని! పైకి రావద్దన్న మెయిలు చదవడానికి వాళ్లు పైకొస్తారు!

"ఆపండి!" అని ఒక్క అరుపు అరిచి మీట లాగేశాను. కిరణం ఆగిపోయింది.

"ఏం చేశావమ్మా?" అన్నారు పరాంకుశం గారు పరుగున వచ్చి. చెప్పాను. ఆయన కుర్చీలో కూలబడ్డారు. "పంపితే ఇప్పుడే వస్తారు. పంపకపోతే మధ్యాహ్నం వేళకు వాళ్లే వస్తారు. ఎటు చూసినా..."

"రావద్దని చెప్పే దెబ్బ ఎందుకు పెట్టలేదండీ?" అన్నాడు విశ్వంభర్.

"మొన్న తాబేలు పల్టీ కొట్టాక ఓడ ఎప్పుడూ అక్కడే ఉండాలని రూలొచ్చింది కదండీ! మీరే రాశారు ఆ రూలు!" అని అరిచాను. అరిచాక, నా గొంతు నాకే చిన్నప్పటి వాగు ఒడ్డున విన్నట్టు అనిపించింది. వాగు హోరు. ఆ ఒడ్డున నాన్న. దాటొద్దు.

"సార్, ఒక దెబ్బ ఉంది. నేర్పలేదు. కానీ దాసుకు తెలుసు," అన్నాను.

"ఎక్కడుంది? రికార్డు చేశామా?"

"లేదు. నా చేతిలో ఉంది."

పరీక్ష మీట ఒకటుంటుంది, వేలితో నొక్కితే ఒక్కో టక్కు పోతుంది. దాని ముందు కూచున్నాను. కళ్లు మూసుకుని, బోర్లించిన పళ్లెం మనసులో పెట్టుకుని కొట్టాను. బరువైన నాలుగు. ఆగి, మళ్లీ నాలుగు. ఆగి, మళ్లీ. దాటొద్దురా దాసూ. ఆ ఒడ్డునే ఉండరా. వేలు వాచింది, ఇంకో వేలితో కొట్టాను. ఎవరో నీళ్లు తాగించారు. వేళ మించిపోయేదాకా కొట్టాను.

తర్వాత? తర్వాత ఏముంది, జవాబు రాదు కదా. చేరిందో లేదో తెలీదు. క్యారియరు మీద పడేసిన ఫోను తట్టితే వాడు విన్నాడో లేదో తెలీదు. విన్నా, మొన్న ఒకసారి తప్పుడు తట్టుకు పైకొచ్చి దెబ్బతిన్నవాడు నమ్మాడో లేదో తెలీదు. వాడు అన్న మాటే నాకు తిరిగొచ్చింది, తెలిసీ తెలీకపోతే మనిషి చస్తాడని. నేను చచ్చాను.

కెజియా పాపను చంకనేసుకుని ల్యాబుకొచ్చింది. "వదినా, ఆయనకు చేరిందా?"

"తెలీదే," అన్నాను. దాన్ని పట్టుకుని ఏడ్చాను. అబద్ధమెందుకు, గట్టిగానే ఏడ్చాను.

నాన్న ఫోను చేశాడు. "ఏ దెబ్బ కొట్టావ్?"

"వాగు దెబ్బ."

"నే వద్దన్నాక ఆడు ఏనాడూ వాగు దాటలా," అన్నాడు నాన్న. "కూడు తిను."

తుఫాను ఆ సాయంత్రం, మర్నాడూ సముద్రాన్ని చిలికి చిలికి వదిలింది. కొండ మీద మా రేకులు రెండు లేచిపోయాయి. మూడో రోజు పొద్దున ఎండ పొడిచింది. గౌతమి వెనక్కి తిరిగి, తాబేలు దిగిన చోటికి చేరింది. నేను మళ్లీ మీట ముందు కూచుని బువ్వ దెబ్బ కొట్టాను. గబగబా, గునగునా. రండ్రా, అన్నం వండాం. పక్కన పరాంకుశం గారు బల్ల మీద వేళ్లతో నాతో పాటు వాయిస్తున్నారు, ఆయనకు తెలీదు వాయిస్తున్నట్టు.

ఓడ నుంచి కెప్టెను మాట్లాడుతున్నాడు. "ఏమీ కనబడట్లేదు... ఇంకా ఏమీ లేదు... నీళ్లు ఖాళీ." తాబేల్లో గాలి అయిపోవస్తోంది. ల్యాబులో ఎవరూ ఊపిరి పీల్చడం లేదు. పాప ఒక్కతే నోట్లో వేలేసుకుని కొత్త పన్నుతో కొరుక్కుంటోంది.

టింగ్.

బల్ల మీద నా ఫోను. మామూలు ఫోను, మామూలు చప్పుడు, రోజుకు వందసార్లు విని విసుక్కునే చప్పుడు. కొత్త మెయిలు. పంపినవారు: ప్రభుదాసు.

పైకి తేలితే గాని తాబేలు నుంచి మెయిలు పోదు.

కెజియా కెవ్వుమంది. నేను నిలబడి గట్టిగా చదివాను.

'అక్కా, వాగు దిగిందా? తేలాం. ఎండ బాగుంది. ఓడను కాస్త ఉత్తరానికి రమ్మను, కొట్టుకొచ్చాం. ముగ్గురం బాగున్నాం. మొన్న పైకి రావడానికి సిద్ధమై బరువులు వదలబోతుంటే క్యారియరు మూత మీద ఫోను గలగలలాడింది. అచ్చం పళ్లెం మోగినట్టు. సగం దెబ్బలు రాలేదు. వాగు దెబ్బలాగే ఉంది గాని మనం పెట్టుకున్న వరసల్లో అది లేదు కదా, మళ్లీ నీ డబ్బా పొరపాటేమోలే అని మీట మీద చెయ్యి వేశాను. అప్పుడు వచ్చింది, నాలుగో దాని వెనక ఆ దిక్కుమాలిన ఐదోది! ఎన్ని దెబ్బలు పోయినా అది మాత్రం పోదేంటే? ఈ లోకంలో వాగు దెబ్బ అట్లా చెడగొట్టేది నువ్వొక్కదానివే. యంత్రం కాదు, మా అక్క కొడుతోంది అని వీళ్లకు చెప్పి చెయ్యి తీసేశాను. క్యారియరు ఖాళీ. బువ్వ పెట్టండి.'

తుఫానుకు మిగిలిన ల్యాబు రేకులు ఆ అరుపులకు ఎగిరిపోయేవే. పరాంకుశం గారు స్టూలెక్కారు, ఎందుకెక్కారో మర్చిపోయి అక్కడే నిలబడి చప్పట్లు కొట్టారు. కెజియా నవ్వుతూ ఏడుస్తూ పాపను గాల్లోకి ఎగరేసింది. విశ్వంభర్ నా దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "మా అమ్మాయి పెళ్లి మాఘంలో అండీ. మీ నాన్నగారి మేళం..." అన్నాడు. "అడిగి చెప్తా. ఆయనకు ఖాళీ ఉండాలిగా," అన్నాను. కాస్త బెట్టు చెయ్యాలి కదా మరి.

నాన్నకు ఫోను చేసి మెయిలంతా చదివి వినిపించాను. ఐదో దెబ్బ దగ్గరకొచ్చేసరికి నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లూ ఆయన చేత తిట్లు తిన్నది దానికేగా.

"రేపు కంప్యూటరుకు ఎక్కించాలి నాన్నా వాగు దెబ్బ. నువ్వు వాయించు. తప్పు లేకుండా ఉంటుంది."

"నేనెందుకు? నువ్వే కొట్టు," అన్నాడు. "డప్పు పంపిత్తన్నా. కాచుకో బాగా. ఆ ఐదోది మాత్రం తియ్యమాక."

ఇప్పుడు లోతు నీళ్లలో తిరిగే ఎన్నో దేశాల వాహనాల్లో మా దెబ్బలే మోగుతున్నాయి. వాగు దెబ్బ మోగితే, మా ఊరి వాగు పేరు కూడా తెలియని మనుషులు బరువుల మీద నుంచి చెయ్యి తీసి బుద్ధిగా కూచుంటారు. వాళ్ల ఇంజనీర్లు మాత్రం నన్ను వదలరు. నాలుగో దెబ్బ తర్వాత ఆ చిన్న దెబ్బ ఎందుకు పెట్టారు, దాని వెనకున్న సూత్రమేంటి, దయచేసి వివరించగలరు అని ఒకటే మెయిళ్లు. అదిగో, మళ్లీ ఒకటి.

టింగ్.